రెండో రాజు కార్డు

నరసరావుపేట,
11 జూన్ 2024

చిరంజీవి వెన్నెలకు,

నీ పార్సిలు నిన్న అందింది. దీవెనలు ఆఖర్న ఇస్తాను. ముందు తిట్టవలసినవి చాలా ఉన్నాయి.

నేను ఫోను ఎత్తటం లేదని మీ అమ్మ నీతో అన్నదట. ఎత్తి ఏం లాభం? నా చెవికి సగం మాటలే అందుతాయి, ఆ సగంలో నువ్వు నవ్వేదే ఎక్కువ. కాగితం మీదయితే రెండోసారి చదువుకోవచ్చు, మూడోసారి తప్పు పట్టవచ్చు. నువ్వూ అలాగే రాయి. నా తమ్ముడి మనవరాలివి గనక చెబుతున్నాను, వాడి చేతిరాత మాత్రం నీకు రాకూడదు.

నీ ఆట అర్థమైంది. పేరు ‘జాతర’. ఐదు కళలకు ఐదు కట్టలు: డప్పు, కోలాటం, తోలుబొమ్మలాట, బుర్రకథ, మన పల్నాటి పద్యనాటకం. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని చెరొక కట్ట పట్టుకుని, వంతుకొక కార్డు వేస్తూ, మధ్యనున్న జనం బిళ్లలను తమ పందిట్లోకి లాక్కోవాలి. కార్డులు అయిపోయేసరికి ఎవరి పందిట్లో జనం ఎక్కువుంటే వాళ్లు గెలిచినట్టు. చిన్నపిల్లల వ్యవహారం అనుకుని కూర్చున్నాను. ఎడమచేతితో కుడిచేయి మీద ఆడి, మధ్యాహ్నం భోజనం సంగతి మరచిపోయాను.

ఇక నీ బాధ. పద్యనాటకం కట్ట ఎవరు పట్టుకున్నా ఓడిపోతున్నారని, అందుకని ఎవరూ దాన్ని ముట్టటం లేదని రాశావు. కొత్త కార్డులు చేర్చి నవంబరు పోటీల్లో కనీసం సగం ఆటలు గెలిపించకపోతే, ఆ కట్ట తీసేసి దాని చోట మ్యాజిక్ షో పెడతారట మీ కంపెనీవాళ్లు. మ్యాజిక్ షో! టోపీలోంచి కుందేలును తీసేవాడూ, వేలమంది నోళ్లు మూయించే పద్యమూ మీవాళ్లకు ఒకటే అన్నమాట.

నీ కట్ట ఓడిపోక ఏం చేస్తుంది? రాజు చేతికి మైకు ఇచ్చావు. చేతిలో మైకు ఉంటే రాజు చెయ్యి ఎలా తిప్పుతాడు? మైకు ఎదురుగా స్టాండు మీద ఉంటుంది, రాజే దాని దగ్గరకు నడిచి వస్తాడు. హార్మోనిస్టును తెర వెనక దాచావు. అతను ముందువైపు, పక్కగా, జనానికి కనపడేలా కూర్చుంటాడు. అన్నిటికన్నా పెద్ద తప్పు, నాటకం మొత్తానికి ఒకే రాజును పెట్టావు. మన దగ్గర ఒక రాజు వేషాన్ని ఒకే రాత్రి ముగ్గురు కడతారు. ఒకటో రాజు దిగిపోగానే రెండో రాజు వస్తాడు, అతని తర్వాత మూడో రాజు. మనిషి మారాడేమని ఎవరూ అడగరు. గొంతు ఎలా ఉందని మాత్రం అడుగుతారు.

నేను ఎన్నడూ రెండో రాజునే. ఎందుకు ఒకటో రాజును కాలేకపోయానో చెప్పటానికి కొందరు మనుషులున్నారు. వాళ్లనే కొత్త కార్డులు చెయ్యి:

సర్దార్, హార్మోనిస్టు. చేసే పని: తోటివాడి గొంతు కోస్తాడు.

నరసింహారావు, నాటకాల కాంట్రాక్టరు. చేసే పని: తనకు దండ వేసినవాడికి ఒకటో రాజు వేషం ఇస్తాడు.

రాఘవయ్య, ఉత్సవ కమిటీ అధ్యక్షుడు. చేసే పని: తెర తీయనివ్వకుండా గంటసేపు ఉపన్యసిస్తాడు. అందులో అరగంట వాళ్ల నాన్న గురించే.

బొమ్మలు వేసే అబ్బాయికి నరసింహారావు మీసం ఎలా ఉంటుందో విడిగా రాస్తాను. తొందరేమీ లేదు, నాకు బాగా గుర్తుంది.

ఇప్పుడు దీవెనలు.

నీ పెదతాత,
గోపాలకృష్ణయ్య

హైదరాబాదు,
22 జూన్ 2024

పెదతాతయ్యకు నమస్కారం.

మీ ఉత్తరం ఆఫీసులో గట్టిగా చదివాను. బొమ్మలు వేసే సందీప్ అయితే కుర్చీలోంచి జారిపోయాడు. మైకు తీసేసి స్టాండు పెట్టాడు, హార్మోనియాన్ని ముందుకు తెచ్చాడు. ముగ్గురు రాజుల సంగతి మాలో ఎవరికీ తెలియదు. నెట్‌లో ఎంత వెతికినా దొరకని విషయం మీరు ఒక్క పేరాలో, అదీ తిడుతూ, చెప్పేశారు.

కానీ మీ ముగ్గురు శత్రువులతో ఒక చిక్కుంది. మా ఆటలో ప్రతి కార్డుకూ ఒక బలం, ఒక ఖర్చు ఉండాలి. ఖర్చంటే ఆ కార్డు వేసినందుకు మనం పోగొట్టుకునేది. మీరు రాసిన ముగ్గురికీ ఖర్చులే ఉన్నాయి, బలాలు లేవు. తన నాటకాన్ని చెడగొట్టేవాణ్ని ఎవరు కావాలని కట్టలో పెట్టుకుంటారు చెప్పండి? కాబట్టి ముగ్గురికీ ఒక్కొక్క బలం రాయాలి. అబద్ధం వద్దు. నిజంగా వాళ్లలో ఉన్నదే రాయండి.

ఇంకొకటి. బతికున్న మనిషి పేరు అచ్చు వేయాలంటే ఆయన ఒప్పుకోవాలట, మా లాయరు గారి మాట. నరసింహారావుగారు, రాఘవయ్యగారు ఇప్పుడు లేరని అమ్మ చెప్పింది. వాళ్ల ఇళ్లకు రాశాను. సర్దార్‌గారు ఉన్నారా? అడ్రసు తెలిస్తే పంపండి.

ఈ కట్ట నేను కావాలని అడిగి తీసుకున్నది, తాతయ్యా. అందరూ డప్పు కావాలన్నారు. నేను మా ఊరి నాటకం అన్నాను. మ్యాజిక్ షోకి చోటిచ్చి నా చేతులతో నేనే దాన్ని డబ్బాలో పెట్టి మూయలేను.

మీ
వెన్నెల

నరసరావుపేట,
8 జూలై 2024

వెన్నెలకు,

నా జన్మలో ఇంత కష్టమైన పని నాకెవరూ చెప్పలేదు. ఇంట్లో రెండు బీరువాల పుస్తకాలున్నాయి. పగ గురించి దేశదేశాలవాళ్లు రాసినవి చదివాను. పగవాడి బలం ఏమిటో రాసి పంపమని వాళ్లలో ఒక్కరూ నన్ను అడగలేదు. నువ్వు అడిగావు. అందుకే జవాబు ఆలస్యమైంది. నీరసం వల్ల కాదు, మీ అమ్మకు అలా చెప్పకు.

రాఘవయ్యతో మొదలుపెడతాను, అతని మీద కోపం కాస్త తక్కువ. అతని ఉపన్యాసం నడుస్తున్నంతసేపూ బొల్లాపల్లి వైపు నుంచి, ఇంకా అవతలి నుంచి ట్రాక్టర్లు వస్తూనే ఉండేవి. అతను మాట్లాడకపోతే వాళ్లకు మొదటి అంకం పోయేది. మా మేకప్ కూడా ఆ గంటలోనే పూర్తయ్యేది. కాబట్టి బలం: ఆలస్యంగా వచ్చే జనాన్ని తెచ్చిపెడతాడు. ఖర్చు: ఆ వంతు మనం ఇంకేమీ చేయలేము, అతను మాట్లాడుతుంటాడు.

నరసింహారావు. ఇతనికి బలం రాయటానికి నాకు నాలుగు రోజులు పట్టింది. వానొస్తే నాటకం ఆపేవాడు కాడు. టార్పాలిను ఒక కొస తనే పట్టుకుని నిలబడేవాడు, పట్టుచొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయినా వదిలేవాడు కాడు. బలం: ఎదుటివాడు వేసే వాన కార్డు మన మీద పనిచేయదు. చాలా?

సర్దార్ బతికే ఉన్నాడు. గురజాల బస్టాండు వెనక ‘హార్మోనియం రిపేరు’ అని బోర్డు ఉంటుంది, లోపల చేసేవి మిక్సీలూ ఫ్యాన్లూ. అతని కథ నీకు తెలియాలి.

ముప్పై ఏళ్లు దాటింది. మాచర్లలో నాటకం. ఒకటో రాజు దిగిపోయాడు, నేను వచ్చాను. పద్యం ఎత్తుకోబోతుండగా సర్దార్ శ్రుతి పెంచాడు. ఒక మెట్టు కాదు, రెండు మెట్లు. నా వైపు కన్నెత్తి చూడలేదు. హార్మోనియం పెట్టె శ్రుతి ఎక్కడుంటే గొంతు అక్కడికి వెళ్లాలి, వేదిక మీద వేరే దారి లేదు. వెళ్లాను. చివర రాగం తీసేచోట గొంతు చీలిపోయింది. ముందు వరుసలో ఒకడు నవ్వాడు. ఆ తర్వాత నేను ముఖానికి రంగు పూసుకోలేదు, సర్దార్‌తో మాట్లాడలేదు. నరసింహారావు బావమరిది ఆ రాత్రి మూడో రాజు. ఎవరు ఎవరికోసం శ్రుతి పెంచారో నువ్వే కూడి చూసుకో.

బలం ఏమిటంటావా? శ్రుతి పెంచుతాడు. అది బలమో కాదో మీ లాయరును అడుగు.

ఒప్పుకుంటాడేమో రాసి చూడు. ఒప్పుకోడు.

దీవెనలు.

గోపాలకృష్ణయ్య

హైదరాబాదు,
18 ఆగస్టు 2024

పెదతాతయ్యకు,

మంచి కబుర్లు ముందు. రెండు ఇళ్లవాళ్లూ ఒప్పుకున్నారు. రాఘవయ్యగారి కార్డు ఆఫీసులో అందరికీ ముద్దు. అది వేసినవాళ్లు లేచి నిలబడి తమ నాన్నగారి గురించి రెండు మాటలు చెప్పాలని సందీప్ రూలు పెట్టాడు. నరసింహారావుగారి కార్డు పడ్డాక ఎదుటివాళ్ల వాన మన మీద పనిచేయటం లేదు.

సర్దార్‌గారి కార్డు మీరు అనుకున్నట్టు కుదరలేదు. దాన్ని ఎదుటివాడి గాయకుడి మీద వేస్తారనుకున్నాను. ఆడినవాళ్లంతా తమ సొంత రాజు మీదే వేసుకుంటున్నారు! ఎందుకంటే, శ్రుతి పెంచిన వంతులో ఆ రాజు తన పందిట్లోకి లాక్కునే జనం రెట్టింపు. తర్వాత అతను అలసిపోయి పక్కకు తప్పుకుంటాడు. అయినా అందరూ సై అంటున్నారు.

ఇక గెలవకపోవటానికి అసలు కారణం దొరికింది. ఒకటో రాజు దిగి రెండో రాజు వచ్చే సందులో సగం జనం టీకి లేచిపోతున్నారు. అలా లేచిన బిళ్లలు డప్పువాళ్ల పందిట్లోకి పోతున్నాయి. అక్కడే ప్రతిసారీ ఓడిపోతున్నాం.

సర్దార్‌గారికి రాశాను. ఒప్పుకోవాలంటే ఏం ఒప్పుకుంటున్నారో తెలియాలి కదా, అందుకని మీ మొదటి ఉత్తరంలోని మాటలతోనే కార్డు చేసి పంపాను. ‘తోటివాడి గొంతు కోస్తాడు’ అన్నదానితో సహా. వాళ్లమ్మాయి నజీమాగారు ఫోను చేశారు. ఆయన చదివి చాలాసేపు నవ్వారట. తర్వాత ఫోను తీసుకుని మాచర్ల సంగతి చెప్పారు. ఆ రాత్రి మీరు వేదిక మీదికి వచ్చేసరికి మైకు పోయిందట, వెనక జనం లేస్తున్నారట. “కింద శ్రుతిలో పాడితే మూడో వరసకు కూడా పోదమ్మా. ఎత్తితేనే వెనక్కి ఇనపడుద్ది. మీ తాత గొంతు అందుకుంటదని ఎత్తినా,” అన్నారు.

ఆయన ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. కట్టలో మీ పేరుతో కూడా ఒక కార్డు ఉండాలట. దాన్ని ఆయనే రాస్తారట. సరే అన్నాను. కోప్పడరు కదా?

వెన్నెల

నరసరావుపేట,
25 ఆగస్టు 2024

వెన్నెలకు,

కోప్పడను. కోపం చిన్న మాట.

నేను నీకు రాసింది నీకు రాసింది. ఇంట్లో మాట్లాడుకునే మాటలను అచ్చులో పెట్టి గురజాల పంపుతావా? అనుమతి అడగమన్నాను, అతని చేతికి నా కాగితం ఇచ్చి నవ్వించమన్నానా? పైగా అతను చెప్పిన కథ నాకే తిరిగి చెబుతావు. మైకు పోయిన సంగతి అతను చెబితే గాని నాకు తెలియదా? ఆ మైకు ముందు నిలబడ్డది నేను. గొంతు చీలింది నాది. ‘అందుకుంటదని ఎత్తినా.’ ఎంత చక్కటి మాట! ఇన్నేళ్లూ ఈ మాటను ఎక్కడ దాచుకున్నాడో కనుక్కో.

ఆ సంగతి నాతో చెప్పటానికి నరసరావుపేటకు బస్సు లేదా? నీకు ఫోనులో చెప్పాడు. నువ్వు నమ్మావు. నీ గొంతు అతనికి బాగా వినపడి ఉంటుంది, చెవులు ఇంకా పనిచేస్తున్నాయి కాబోలు.

నా గురించి అతను కార్డు రాయటమేమిటి? నన్ను వేళాకోళం చేసి ఐదు వందల ఇళ్లకు పంచుతారు, పిల్లలు నన్ను పట్టుకుని ఆడతారు. నేను చెప్పిన కార్డులన్నీ తీసేయి. ముగ్గురు రాజులనూ తీసేయి. మీ మ్యాజిక్ షో పెట్టుకో, కుందేలుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

గోపాలకృష్ణయ్య

మరచిపోయాను. శ్రుతి పెంచే కార్డును రాజు కార్డు వేశాక వేయనిస్తున్నట్టున్నావు. అది తప్పు. పద్యం ఎత్తుకోకముందే పెంచాలి. మధ్యలో పెంచితే అది నాటకం కాదు, గోల. కాబట్టి రాజు కన్నా ముందే హార్మోనిస్టు కార్డు బల్ల మీద ఉండాలి.

హైదరాబాదు,
9 సెప్టెంబరు 2024

పెదతాతయ్యకు,

తప్పు నాదే. మీ మాటల్ని అలా పంపకుండా ఉండవలసింది. మీరు రాసినది బాగుందన్న సంబరంలో పంపేశాను, అది మీ ఇద్దరి మధ్యది అని ఆలోచించలేదు.

కానీ కార్డులు తీయలేదు. తీసేయమన్న ఉత్తరంలోనే మీరు రూలు దిద్దారు. దిద్దినదాన్ని ఎలా తీయను? పైగా మీరు చెప్పినట్టు హార్మోనిస్టును ముందు పెడితే ఆట నడక బాగుపడింది.

సర్దార్‌గారి కార్డు వచ్చింది. నజీమాగారు రాసి పంపారు. ఉన్నది ఉన్నట్టు కింద రాస్తున్నాను. చదివి చింపేసినా పర్వాలేదు, నా దగ్గర ఇంకొకటి ఉంది.

రెండో రాజు గోపాలకృష్ణయ్య.
బలం: టీకి లేచిపోయిన జనాన్నంతా ఒక్క పద్యంతో వెనక్కి తెచ్చి కూర్చోబెడతాడు.
ఖర్చు: ఎవరో ఒకరిని తిట్టి పంపించనిదే పద్యం ఎత్తుకోడు. సొంత కట్టలోంచి ఒక కార్డు పారేయాలి.

తాతయ్యా, మన కట్టకు లేనిది ఇదే. ముగ్గురు రాజుల మధ్య జనం లేచిపోయే చోట మీరు ఉండాలి. ఆడి చూశాం. మీ కార్డు దిగిన ప్రతిసారీ బిళ్లలన్నీ మన పందిట్లోకి తిరిగొచ్చాయి. సందీప్ బల్ల చరిచాడు.

చిక్కు ఆ ఖర్చుతోనే. మీరు దిగినప్పుడల్లా మనవాళ్లలో ఒకరు పోతున్నారు. చివరికి వచ్చేసరికి చేతిలో ఎవరూ మిగలటం లేదు, గెలిచే ఆట ఓడిపోతున్నాం. ఖర్చు తగ్గించమని సర్దార్‌గారిని అడిగాను. ఒక్క అక్షరం కూడా మార్చనన్నారు. “ఆయన్ని వచ్చి మాట్లాడమనమ్మా. నోటితో తిట్టమను, కాగితం మీద కాదు. ఆయన రాత నాకు అర్థం కాదు,” అన్నారు.

ఈ నెలాఖరుకు పోటీలకోసం నమూనా కార్డులు అచ్చుకు వెళ్లాలి. ఇంతకంటే ఏం అడగాలో నాకు తెలియటం లేదు.

వెన్నెల

గురజాల,
19 సెప్టెంబరు 2024

వెన్నెలకు,

పైన ఊరి పేరు చూసి సంబరపడకు. నేను వచ్చింది తిట్టటానికి. బస్సు పిడుగురాళ్లలో చాలాసేపు ఆగింది, అక్కడ అన్ని మాటలూ కూర్చుకున్నాను.

బోర్డు అదే. మనిషి సగమయ్యాడు, గడ్డం తెల్లబడింది. ఒళ్లో మిక్సీ పెట్టుకుని స్క్రూ తిప్పుతున్నాడు. తల ఎత్తలేదు.

“ఏంది రాజుగారూ, ఇంత ఎండలో దయచేశారు?” అన్నాడు.

“ఒరేయ్ సర్దారూ, నేను ఎవర్ని తిట్టి పంపించానురా? పేర్లు చెప్పు.”

“చెప్పమంటావా? కుర్చీ లాక్కో బావా, చానాసేపు పడుద్ది.”

చెప్పాడు. తబలా వాయించే కుర్రాణ్ని తాళం తప్పాడని సత్తెనపల్లిలో దింపేశానట. కిరీటం వదులైందని మేకప్ సీతమ్మ మీద అద్దం విసిరానట. అద్దం అబద్ధం, దువ్వెన విసిరాను. రాణి వేషం వేసే అనసూయను, నా పద్యం నడుస్తుండగా కొంగు సర్దుకుందని, తెర వెనక నిలబెట్టి నానా మాటలూ అన్నానట. ఆమె పెట్టె సర్దుకుని దాచేపల్లి బస్టాండుకు వెళ్లిపోయిందట.

“వెళ్లిందిరా, మళ్లీ వచ్చిందిగా!” అన్నాను.

“ఎట్టా వచ్చింది? తనంతట తనే వచ్చిందనుకున్నావా?” అని మిక్సీ కింద పెట్టాడు. “బస్టాండుకి ఉరికింది ఎవరు? నేను. టీ తాగించింది ఎవరు? నేను. ‘అమ్మా, ఆయనకి నోరే అట్టాంటిది, ఈసారికి నా మొహం చూడు’ అని దణ్ణం పెట్టింది ఎవరు? నువ్వు తిట్టి పంపినోళ్లందర్నీ నేనేగా తోలుకొచ్చింది! లేకపోతే ఆఖరికి నువ్వొక్కడివే మిగిలేవాడివి స్టేజి మీద.”

నజీమా గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్లకు ఈ కథ కంఠతా వచ్చినట్టుంది.

“అంత పని చేసినవాడివి, కార్డులో ఎందుకు రాయలేదురా?” అన్నాను.

“నా కార్డు రాసింది నువ్వు గదా!”

నేను సంచీ విప్పాను.

నీ కట్టలు, అట్టముక్కల మీద నేను రాసుకున్న కొత్త కార్డులు బయటకు తీశాను. అతను డప్పు పట్టుకున్నాడు, నేను నాటకం. నజీమా పక్కన కూర్చుని రూళ్లు చదివింది. మొదటి ఆట అతను నెగ్గాడు. నేను దిగుతూ నరసింహారావును పారేశాను, మహదానందంగా ఉంది, ఆ వెంటనే వాన పడి జనమంతా పోయారు. రెండో ఆటలో కొత్త రూలు పెట్టి చూశాం. రెండో రాజు పారేసిన కార్డును, హార్మోనిస్టు బల్ల మీద ఉంటే, తర్వాతి వంతులో వెనక్కి తెచ్చుకోవచ్చు. ఖర్చు తగ్గలేదు చూడు, నేను తిట్టటం మానలేదు. తిట్టించుకున్నవాడు టీ తాగి తిరిగి వస్తున్నాడు, అంతే. ఆ ఆట నేను గెలిచాను. మూడోదీ గెలిచాను. నాలుగోది వద్దన్నాడు, మిక్సీ ఇవ్వాలట.

కాబట్టి సర్దార్ కార్డు ఇలా అచ్చు వేయి:

బలం: శ్రుతి పెంచుతాడు. రెండో రాజు తిట్టి పంపినవాళ్లను వెనక్కి తెస్తాడు.
ఖర్చు: చెప్పకుండా పెంచుతాడు.

ఈ ఖర్చు మీద మళ్లీ గొడవైంది. “మైకు పోయింది సరే, కన్ను ఎందుకు కలపలేదురా?” అని అడిగాను. “కన్ను కలిపితే నువ్వు తల అడ్డంగా ఊపుతావని,” అన్నాడు. ఊపేవాణ్నే, నిజం. నిజమైనంత మాత్రాన క్షమించాలని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ‘చెప్పకుండా’ అన్న మాట తీయటానికి నేను ఒప్పుకోలేదు. అతను సంతకం పెట్టాడు. సంతకం కింద నన్ను వెక్కిరిస్తూ ఒక బొమ్మ కూడా వేశాడు, అది పంపటం లేదు.

ఆఖరి బస్సు పోయింది. నజీమా ఇక్కడే పడక వేసింది.

గోపాలకృష్ణయ్య

హైదరాబాదు,
18 నవంబరు 2024

పెదతాతయ్యకు,

ఫోను చేస్తే మళ్లీ సగమే వింటారని రాస్తున్నాను. గబగబా గీకేస్తున్నాను, చేతిరాత మా తాతది అనుకోకండి.

ఉంచారు! మన కట్టను ఉంచారు.

సగం ఆటలు గెలవాలన్నారు కదా, ఆఖరి ఆట మొదలయ్యేసరికి ఒక్కటి తక్కువున్నాం. ఆ ఆట ఆడింది విశాఖపట్నం నుంచి వచ్చిన హుమేరా అనే అమ్మాయి, ఇంటర్ చదువుతోంది. పద్యనాటకం జీవితంలో చూడలేదట. కట్ట మీది బొమ్మ నచ్చి తీసుకుందట. ఎదురుగా డప్పు. సగం ఆటయ్యేసరికి మన పందిట్లో జనం పలచబడ్డారు. ఆ పిల్ల ముందు హార్మోనిస్టును పెట్టింది. తర్వాత మిమ్మల్ని దించింది. ఎవర్ని పారేయాలా అని ఆలోచించి రాఘవయ్యగారిని పారేసింది. హాలంతా నవ్వు. లేచిపోయిన జనం తిరిగి వచ్చి కూర్చున్నారు. తర్వాతి వంతులో సర్దార్‌గారు రాఘవయ్యగారిని వెనక్కి తెచ్చారు. ఆ పిల్ల లేచి నిలబడి వాళ్ల నాన్న గురించి చెప్పింది, హార్బరులో క్రేను నడుపుతారట. ఆలస్యంగా వచ్చే జనం కూడా మనకే వచ్చేశారు.

నేను బాత్రూములోకి వెళ్లి ఏడ్చి వచ్చాను. సందీప్‌కు చెప్పకండి.

జనవరిలో అసలు అచ్చు. మీకు, సర్దార్‌గారికి చెరొక పెట్టె కార్డులు పంపుతాను. నరసింహారావుగారి మీసం మీరు చెప్పినట్టే వచ్చింది.

పోటీ అయ్యాక హుమేరా నా దగ్గరకు వచ్చింది. మీరు నిజం మనిషని తెలిసి నమ్మలేదు. మిమ్మల్ని ఒకటి అడగమంది. పోటీకి ముందు మేము పంపిన నమూనా కట్టలతో తను ఇంట్లో ఆడినప్పుడు రెండో రాజును మొదటి వంతులోనే వేసేదట, ప్రతిసారీ ఓడిపోయేదట. ఈసారి ఎలా కుదిరిందో తనకే తెలియదట. ఆ కార్డు ఎప్పుడు వేయాలో మీరే చెప్పాలట.

వెన్నెల

నరసరావుపేట,
26 నవంబరు 2024

చిరంజీవి వెన్నెలకు,

దీవెనలు. ఈసారి ముందే ఇచ్చేస్తున్నాను.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని గురజాల వెళ్లి వినిపించాను. రాఘవయ్యను పారేసిందన్న చోట సర్దార్ మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను. అతనికి ఆ హార్బరు క్రేను మాట బాగా పట్టుకుంది. క్రేను నడిపేవాడికి సైగతోనే పని, కన్ను కలపకుండా కుదరదని అన్నాను. “అందుకే నేను క్రేను నడపలా,” అన్నాడు. ఇలాంటివాడితో వేగుతున్నాను.

తిట్లు తక్కువే. కార్డు మీద నా కిరీటానికి సందీప్ నెమలి ఈక పెట్టాడు. అది రాజు కిరీటమా, పెళ్లికొడుకు తలపాగానా? అచ్చుకు ముందు తీసేయమను. సర్దార్ హార్మోనియానికి గాలి కొట్టే బెల్లోసు అతని ఎడమచేతి కింద ఉండాలి, అది కూడా చూడమను.

హుమేరాకు ఇది చెప్పు. ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు, పల్నాడు దాటితే నా పేరు ఎవరికీ తెలియదు. విశాఖపట్నంలో ఒక అమ్మాయి చేతిలో నేను ఉన్నానంటే ఇంకా కుదురుగా ఆలోచించలేకపోతున్నాను. అయినా అడిగింది గనక జవాబు ఇవ్వాలి.

తొందరపడి నన్ను దించవద్దని చెప్పు. కూర్చున్న జనానికి నా అవసరం లేదు, వాళ్లకు ఒకటో రాజు చాలు. కొంచెం భయం వేసినా ఆగమను. జనం లేవనీ. టీకొట్టు వైపు సగం మంది నడవనీ. మిగిలినవాళ్లు పిల్లల్ని భుజానికెత్తుకుని, చీకట్లో చెప్పులు వెతుక్కుంటుంటారు. పని అయిపోయిందని ఎదుటివాడు అనుకుంటాడు.

అప్పుడు దించమను.

నీ పెదతాత,
గోపాలకృష్ణయ్య